సరిహద్దు దాటిన స్వరం: ఎ.ఎం.రాజా

బెంగళూరు మహానగరానికి తూర్పు దిక్కున హూడి అనే ఊరున్నది. ఒకనాడు చెరువు, దాని వెనుక రాగి చేలు, నాలుగు వీధులు మాత్రమే ఉన్న పల్లె అది. ఐటీపీఎల్ భవనాలు లేచిన తరువాత నగరంలో కలిసిపోయింది. చిత్తూరు, కుప్పం, మదనపల్లె వైపుల నుండి బ్రతుకుదెరువు కోసం తరలివెళ్ళిన మన కుటుంబాలు ఆ చుట్టుపట్ల అనేకం. అక్కడి తెలుగువారి పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వారు తప్పక పాడే పాటలలో 'ఆడవారి మాటలకు' ఒకటి. యువకులు దానిని 'ఖుషి' సినిమా పాట అంటారు. ముందు వరుసలో కూర్చున్న అవ్వలు, తాతలు అది 'మిస్సమ్మ' పాటని సరిదిద్దుతారు. అయితే దానిని మొదట పాడినదెవరని అడిగితే అవ్వలలోనూ కొందరు ఘంటసాల అంటారు. పాడినవాడు ఘంటసాల కాదు; మన చిత్తూరు జిల్లా బిడ్డ ఎ.ఎం.రాజా.

హూడి హాల్ట్ మీదుగా పోయే రైలు మార్గం వైట్‌ఫీల్డ్, మాలూరు, బంగారుపేట, కుప్పం, జోలార్‌పేట, కాట్పాడి దాటి అరక్కోణం చేరుతుంది. అక్కడి నుండి చెన్నపట్నం మరెంతో దూరం లేదు. రాజా బాల్యం గడిచినది ఆ అరక్కోణంలోనే.

ఆయన పూర్తి పేరు ఏమల మన్మథరాజు రాజా. 1929 జూలై 1న చిత్తూరు జిల్లాలో జన్మించారు. తండ్రి మన్మథరాజు, తల్లి లక్ష్మమ్మ. ఊహ తెలియని పసితనంలోనే తండ్రి కన్నుమూయగా కుటుంబం రేణుకాపురానికి, తరువాత అరక్కోణానికి చేరింది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం. సరిహద్దు గ్రామాలలో పెరిగిన పిల్లలకు ఇది వింత కాదు. రెండు భాషలూ ఆయనకు పుట్టుకతో వచ్చినంత సహజంగా అబ్బినవి. ఆయన తమిళ గీతాలు విన్నవారు తమిళుడే అనుకున్నారు. తెలుగు గీతాలు విన్నవారికి ఆ సందేహమే రాలేదు.

ఆ కాలంలో సరిహద్దు అనేది నేటివలె స్థిరమైన గీత కాదు. చిత్తూరు జిల్లాయే 1911లో ఏర్పడినది. అంతకుముందు దానిలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. రాజా సినిమాలలో పాడడం ఆరంభించిన తరువాతనే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అటుపై 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళగా, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఆ ఏడు కొన్ని వందల గ్రామాల ప్రజలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. రాజా స్వరం మాత్రం అప్పటికే రెండు వైపులా ఇంటింటి రేడియోలో ఉన్నది.

ఆయన మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి 1951లో బి.ఎ. పట్టం పొందారు. కళాశాల పాటల పోటీలలో పేరు తెచ్చుకున్న ఆ యువకుడు హెచ్.ఎం.వి. సంస్థకు రెండు తెలుగు పాటలు పాడారు. అవి ఆకాశవాణిలో ప్రసారమైనప్పుడు జెమిని అధిపతి ఎస్.ఎస్.వాసన్ చెవిన పడినవి. వాసన్ పిలిపించి, 1951 నాటి తమిళ 'సంసారం' చిత్రంలో అవకాశమిచ్చారు. సంగీతం ప్రఖ్యాత వైణికుడు ఈమని శంకరశాస్త్రిది. ఆ చిత్రంలో పాడిన పాటతోనే రాజా పేరు దక్షిణదేశమంతటా మారుమ్రోగింది.

ఆ గొంతు ప్రత్యేకత ఏమిటి? అంతకుముందు తరం గాయకులు నాటకరంగం నుండి వచ్చినవారు. చివరి వరుసలోని ప్రేక్షకునికి వినిపించేటట్లు కంఠమెత్తి పాడడం వారి అలవాటు. రాజా మైకును నమ్ముకొన్న గాయకుడు. ప్రక్కన కూర్చొని చెవిలో మాట చెప్పినట్లు పాడేవారు. గమకాలు మితంగా, పదాలు స్పష్టంగా, ఊపిరి చప్పుడు తెలియకుండా సాగే ఆ గానం అప్పటికి కొత్త. అందులో బలహీనత కూడా ఉన్నదని చెప్పక తప్పదు. రౌద్రానికీ, పౌరాణిక పద్యానికీ ఆ గొంతు సరిపడదు. తెలుగులో ఆయన పాటలు ఘంటసాల పాటలంత విరివిగా లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

1953లో వచ్చిన 'పక్కింటి అమ్మాయి' చిత్రాన్ని ఇక్కడ ప్రత్యేకంగా తలచుకోవాలి. సి.పుల్లయ్య దర్శకత్వం. పొరుగింటి పిల్ల అంజలీదేవి. పాట రాని ప్రేమికుడు రేలంగి. అతడు కిటికీ వద్ద నిలిచి పెదవులు కదిలిస్తూ ఉంటే, మిత్రుడు చాటున ఉండి పాడుతాడు. ఆ మిత్రుని వేషం వేసినది రాజాయే. నేపథ్య గాయకుడు నేపథ్య గాయకుని వేషంలోనే తెరపైకి వచ్చిన అరుదైన సందర్భమది. బెంగాలీ చిత్రం 'పాశేర్ బాడీ' దానికి మూలం. అదే కథ హిందీలో 1968లో 'పడోసన్' అయినది. చాటున పాడే మిత్రునిగా కిశోర్ కుమార్ నటించారు. 1981లో తెలుగులోనే మళ్ళీ తీసినప్పుడు చంద్రమోహన్ పెదవులు కదపగా, రాజా వేసిన వేషాన్ని ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం వేశారు. 'పడోసన్' చూసి నవ్విన మనవారిలో ఎందరికి రేలంగి, రాజాలు గుర్తుకు వచ్చి ఉంటారు?

1954 చివర భరణీ వారి 'విప్రనారాయణ' వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో అక్కినేనికి రాజా, కథానాయికగా భానుమతి తన పాత్రకు తానే పాడారు. నెల తిరిగిందో లేదో 1955 జనవరి 12న విజయా వారి 'మిస్సమ్మ' విడుదలైనది. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్, గీత రచయిత పింగళి నాగేంద్రరావు, సంగీతం మళ్ళీ రాజేశ్వరరావుదే. ఎన్.టి.రామారావుకు పాడవలసిన పాటలన్నీ రాజాకు దక్కినవి. 'బృందావనమది అందరిది' పి.సుశీలతో, 'రావోయి చందమామ' పి.లీలతో, 'ఆడవారి మాటలకు' ఒంటరిగా. కొత్త ఉద్యోగపు చనువుతో, సన్నని వెటకారంతో కథానాయకుడు పాడవలసిన సన్నివేశాలవి. రాజా గొంతులోని ఆ చిరునవ్వు లేకపోతే ఆ పాటలకు అంత ఆయుష్షు ఉండేదా అని నాకు సందేహం.

అదే కాలంలో తమిళంలో 'మిస్సియమ్మా' తయారైనది. అక్కడ నాయకుడు జెమినీ గణేశన్. తెలుగులో రామారావుకు పాడిన రాజాయే తమిళంలో గణేశన్‌కూ పాడారు. ఒకే బాణీ, ఒకే గొంతు, రెండు భాషలు, రెండు ముఖాలు. అరక్కోణంలో పెరిగినవానికి తప్ప మరొకరికి అది అంత సులభం కాదు. 1957లో అదే కథ హిందీలో 'మిస్ మేరీ' అయినది. ఈసారి బృందావన గీతాన్ని మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. బాణీ రాజేశ్వరరావుది, చిత్రానికి సంగీత దర్శకునిగా వెలువడిన పేరు హేమంత్ కుమార్‌ది. నేటికీ ఉత్తరాదిలో ఆ పాట రఫీ, లతల పాటగానే చెలామణి అవుతున్నది.

ఇంత చెబుతున్నది రఫీని తక్కువ చేయడానికి కాదు. పాటల ప్రయాణం లోకమంతటా ఇలాగే ఉన్నది. సరిగ్గా ఆ 1955లోనే, జూలై నెలలో, అమెరికాలో బిల్ హేలీ బృందం పాడిన 'రాక్ అరౌండ్ ది క్లాక్' అగ్రస్థానానికి చేరి, రాక్ అండ్ రోల్ అనే కొత్త సంగీతానికి తలుపులు తెరిచింది. నిజానికి ఆ పాటను 1954లో హేలీ కంటే ముందే సనీ డే అనే గాయకుని బృందం రికార్డు చేసినది. ఆ పేరు నేడు పరిశోధకులకు తప్ప ఎవరికీ పట్టదు. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో పాడిన 'హౌండ్ డాగ్' 1953లో విడుదలై, నల్లజాతి శ్రోతల పాటల పట్టికలో ఏడు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాటను వేగం పెంచి పాడగా లక్షల రికార్డులు అమ్ముడుపోయినవి. ప్రపంచానికి అది ఎల్విస్ పాట అయినది. ఆమెకు దక్కినది స్వల్పం.

ఆ పాశ్చాత్య గాలి మద్రాసు స్టూడియోలకూ తగిలింది. 1956లో డోరిస్ డే పాడిన 'కే సెరా సెరా' ఇంగ్లీషు పాట ఆస్కార్ పొందినది. మరుసటి ఏడే జి.రామనాథన్ సంగీతంలో తమిళ 'ఆరవల్లి' చిత్రంలో ఆ బాణీకి తమిళ పదాలు కూర్చగా జిక్కి, రాజా పాడారు. 1965లో 'తోడు నీడ' తెలుగు చిత్రంలో భానుమతి అదే పాటను ఇంగ్లీషులోనే ఆలపించారు. అమెరికా పాట మనవారి చేతిలో ఈ విధంగా రెండుసార్లు పుట్టింది.

జిక్కి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె అసలు పేరు పిల్లవాలు గజపతి కృష్ణవేణి. 1935లో మద్రాసులో జన్మించినా ఆమె కుటుంబం చంద్రగిరి నుండి వెళ్ళినదే. ఆమె 'రోజులు మారాయి' చిత్రంలో పాడిన 'ఏరువాక' పాట వినని రైతు ఇల్లు మన ప్రాంతంలో ఉండదు. కొసరాజు రచన, మాస్టర్ వేణు సంగీతం, తెరపై వహీదా రెహమాన్ నాట్యం. ఇదీ 1955 నాటిదే. ఆ బాణీ 1960లో 'బంబయి కా బాబూ' అనే హిందీ చిత్రంలో ఎస్.డి.బర్మన్ సంగీతంలో ఆశా భోంస్లే గొంతున వినిపించింది. కాడి కట్టిన ఎద్దుల వెంట పుట్టిన పదం బొంబాయి వీధులకు ఎక్కింది. జిక్కి పేరు మాత్రం అక్కడికి పోలేదు.

రాజా, జిక్కి అనేక యుగళగీతాలు కలిసి పాడి, దంపతులైనారు. ఆమె ఇంటిపేరు మారింది గాని గొంతు మారలేదు. ఒకే జిల్లాకు చెందిన రెండు వలస కుటుంబాల బిడ్డలు మద్రాసు రికార్డింగు గదిలో కలుసుకోవడం, ఇరువురూ ఆరేడు భాషలలో పాడడం మన సరిహద్దు ప్రాంతానికి దక్కిన గౌరవం.

రాజాకు పాడడంతో తృప్తి లేదు. 1958లో ఎన్.టి.రామారావు, అంజలీదేవి నటించిన 'శోభ' చిత్రంతో సంగీత దర్శకుడైనారు. 1959లో శ్రీధర్ దర్శకత్వంలో వచ్చిన తమిళ 'కల్యాణ పరిసు' ఆయనకు అఖండ కీర్తి తెచ్చింది. దీపావళి నాటి ఒక పాటను ఒకే బాణీలో రెండుసార్లు వాడారు. మొదట సుశీల గొంతున ఆనందం, తరువాత తన గొంతున దుఃఖం. వేగం తగ్గించి, వాద్యాలు పలుచన చేస్తే ఒకే బాణీ ఎంతగా మారిపోతుందో వినేవారికి తెలిసివచ్చింది. తన పాటకు తానే మరో రూపమివ్వడం ఆయనకు తెలిసిన విద్య. ఆ చిత్రమే 1960లో అక్కినేని, బి.సరోజాదేవి, కృష్ణకుమారిలతో తెలుగు 'పెళ్ళికానుక' అయినది. సంగీతం ఆయనదే. 'కన్నులతో పలుకరించు' ఆయన, సుశీల కలిసి పాడినది. 'పులకించని మది' జిక్కి పాడినది. ఆ రెండు పాటలూ అరవయ్యేళ్ళు దాటినా వాడలేదు. ఆ జిక్కి పాటకు తమిళ రూపమైన పాట పల్లవే 1999లో ఒక తమిళ చిత్రానికి పేరైనది.

1961లో 'తేన్ నిలవు' వచ్చింది. కాశ్మీరు సరస్సుల నేపథ్యంలో ఎస్.జానకితో కలిసి రాజా పాడిన 'ఓహో ఎందన్ బేబీ' వింటే, రాక్ అండ్ రోల్ యుగం ఆయన చెవికి చేరిందని స్పష్టమవుతుంది. అయినా గొంతు మాత్రం పెద్దది చేయలేదు. పాశ్చాత్య తాళం మీద సైతం ఆ మెత్తదనమే. 2025లో ఆ పాట పేరుతోనే ఒక తమిళ చిత్రం విడుదలైనది.

ఇంతటి ఉచ్చదశలోనే ఆయన ప్రాభవం సన్నగిల్లడం ఆరంభమైనది. రాజా పట్టుదల మనిషి. పాటలో స్వరం ఒక్కటి అటుఇటు అయినా అంగీకరించేవారు కాదు. రికార్డింగు ఎన్నిసార్లైనా మళ్ళీ చేయించేవారు. తన మాట మీదనే నిలబడే స్వభావం వలన నిర్మాతలతో, దర్శకులతో, తోటి సంగీత దర్శకులతో పొరపొచ్చాలు వచ్చినవి. ఆ కాలపు చిత్రరంగంలో కాస్త వంగి నడిచినవారికే మనుగడ. ఆయన వంగలేదు. తప్పు ఎవరిదని తేల్చడం మన పని కాదు గాని, ఎదుటివారితో సర్దుకుపోవడం తెలియకపోవడం ఆయనకు చాలా నష్టం చేసినదన్నది మాత్రం నిజం. జెమినీ గణేశన్‌కు గొంతుగా కాకినాడకు చెందిన పి.బి.శ్రీనివాస్ స్థిరపడ్డారు. హూడిలోని మనవారికి ఆయన పరిచయం వేరుగా ఉంటుంది. కన్నడిగులకు రాజ్‌కుమార్ గొంతు ఆయనే కదా.

మలయాళం ఆయనను అంత త్వరగా విడువలేదు. 1962లో 'భార్య' చిత్రంలో పెరియార్ నది మీది పాట, 1969లో 'అడిమకళ్' చిత్రంలో మొగలిపూవు పాట నేటికీ కేరళలో వినిపిస్తవి. రెండింటికీ సంగీతం జి.దేవరాజన్‌ది. తమిళంలో 1971 నాటి 'రంగరాట్టినం'తో మళ్ళీ గొంతు వినిపించింది. 1973లో 'వీట్టు మాప్పిళ్ళై' చిత్రానికి సంగీతమిచ్చారు. కాని గడిచిన దశాబ్దం తిరిగి రాలేదు. దంపతులిరువురూ కచేరీలనే జీవనోపాధిగా చేసుకొని, దేశమంతటా, విదేశాలలోనూ తిరిగారు. సినిమాలు పిలువకపోయినా ఊళ్ళ తిరునాళ్ళు పిలిచేవి.

అటువంటి పిలుపు మీదనే 1989 ఏప్రిల్‌లో కన్యాకుమారి వైపు ఒక ఆలయ ఉత్సవంలో పాడడానికి బృందంతో బయలుదేరారు. తిరునెల్వేలి జిల్లా వళ్ళియూరు స్టేషనులో రైలు దిగి, కదులుతున్న రైలును మళ్ళీ ఎక్కబోయి కాలు జారి, ప్లాట్‌ఫారానికీ బండికీ నడుమ పడిపోయారు. ఆ విధంగా ఆ మృదు స్వరం ఆగిపోయింది. వయస్సు 60 కూడా నిండలేదు.

ఇక ఆయన పాటల మాట. రాజా పాడిన రోజులలో గాయకునికి పాటపై చట్టరీత్యా ప్రత్యేక హక్కు ఏదీ లేదు. పాడిన నాడు ఇచ్చిన పారితోషికంతో సరి. 1957 కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కు అనే మాట చేరినది 1994 సవరణతోనే. రాయల్టీలో గాయకునికి వాటా చూపినది 2012 సవరణ. రాజా ఆ రెండింటినీ చూడలేదు. పాట కొత్త వేషం వేసుకొని వచ్చినప్పుడు మొదట పాడినవాని పేరు వ్రాయాలన్న కట్టుబాటు కూడా చిత్రరంగంలో బలపడలేదు. డబ్బు మాట అటుంచితే, ఈ పేరు మాటే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

2001 ఏప్రిల్ 27న పవన్ కల్యాణ్, భూమిక నటించిన 'ఖుషి' విడుదలైనది. అది తమిళ చిత్రానికి తెలుగు రూపం. అయితే తమిళంలో లేని ఒక పాట ఇందులో ఉన్నది. అదే 'ఆడవారి మాటలకు'. మణిశర్మ డ్రమ్స్, గిటార్లు జోడించి, లయ మార్చి, యువతరం చిందులు వేయదగిన పాటగా తీర్చారు. పాడిన గాయకునికి ఆ చిత్రం పేరే ఇంటిపేరై 'ఖుషి' మురళి అన్న పేరు స్థిరపడింది. నిజం చెప్పాలంటే ఆ కొత్త రూపం చెడ్డది కాదు. పింగళి పదాలను చెడగొట్టలేదు, బాణీ ఎముకలను విరువలేదు. అది లేకుంటే 2000 తరువాత పుట్టిన పిల్లలకు 'మిస్సమ్మ' పాట తెలిసేదే కాదు. 2007లో ఆ పాట పల్లవినే పేరుగా పెట్టుకొని వెంకటేష్, త్రిష నటించిన చిత్రం కూడా వచ్చింది. రాజేశ్వరరావు ఒకసారి కట్టిన బాణీ, పింగళి ఒకసారి వ్రాసిన మాట, రాజా ఒకసారి పాడిన తీరు అర్ధశతాబ్దం తరువాత కూడా వ్యాపారానికి పనికివచ్చినవి.

రెండు రూపాలనూ ఒకదాని వెంట ఒకటి వినిచూడండి. కొత్తదానిలో వెటకారం అందరి ఎదుట, మైదానంలో. పాతదానిలో అది వరండాలో, ఒక్క మనిషిని ఉద్దేశించి. రాజా నవ్వు పదం చివర సన్నగా తొంగిచూసి మాయమవుతుంది. ఆ మాయమయ్యేది డ్రమ్ములకు అందదు.

అదే 2001లో, 'ఖుషి'కి రెండు నెలలు ముందు, ఫిబ్రవరిలో 'మురారి' విడుదలైనది. మణిశర్మ సంగీతంలోనే. అందులోని 'అలనాటి రామచంద్రుడు' పాట లేకుండా నేడు తెలుగింటి పెళ్ళి వీడియో లేదంటే అతిశయోక్తి కాదు. దానిని సునీత, సంధ్యలతో కలిసి పాడిన పెద్ద గొంతు జిక్కిదే. భర్త మరణానంతరం ఆమె 1991లో 'ఆదిత్య 369' చిత్రంలో ఇళయరాజా సంగీతంలో, బాలసుబ్రహ్మణ్యం, శైలజలతో కలిసి 'జాణవులే' పాడారు. ఆ పది సంవత్సరాల తరువాత ఈ పెళ్ళిపాట. భర్త పాట కొత్త గొంతున ఊళ్ళో మారుమ్రోగుతున్న ఆ ఏట, ఆమె తన సొంత గొంతుతోనే పెళ్ళిపందిళ్ళలో ప్రవేశించారు.

2004 ఆగస్టు 16న జిక్కి చెన్నైలో మరణించారు. హూడిలో జరిగే తెలుగు పెళ్ళిలో ఉదయం తలంబ్రాల వేళ ఆమె గొంతు వినిపిస్తుంది. సాయంత్రం విందు వేళ ఆయన పాట వినిపిస్తుంది. ఆ రెండింటినీ పాడినవారు భార్యాభర్తలని, ఒకరిది చిత్తూరు జిల్లా, మరొకరిది చంద్రగిరి కుటుంబమని మైకు పట్టుకొన్న కుర్రవానికి ఎవరైనా చెబితే బాగుండును.